జోల్వాలో ఎనిమిది కిలోల నాలుగు వందలు

తూనికలు కొలతల శాఖలో ముప్పై మూడేళ్ళు ఇన్‌స్పెక్టరుగా పనిచేసి రిటైరైనవాణ్ణి నేను. కూరగాయల బండి నుంచి పెట్రోలు బంకు దాకా ఎవరు ఎక్కడ ఎంత నొక్కేస్తారో నాకు తెలుసు. అందువల్ల ఒక రోగం కూడా అంటుకుంది. ఎవరైనా మిఠాయి డబ్బా తెచ్చి చేతిలో పెడితే, థ్యాంక్స్ చెప్పకముందే దాన్ని పైకీ కిందికీ ఆడించి చూస్తాను. "అనుమానం పెనుభూతం అని ఊరికే అన్నారా" అంటుంది మా ఆవిడ సుగుణ. 2022 జనవరిలో నేను హన్మకొండ నుంచి సూరత్ వెళ్ళింది ఆ భూతం తరమబట్టే.

రజిత మా అక్క కూతురు. అక్క పోయి ఆరేళ్ళయింది కాబట్టి ఆ పిల్లకు పుట్టిల్లంటే మా ఇల్లే. మొగుడు తిరుపతితో సూరత్ పక్కన జోల్వా అనే ఊళ్ళో ఉంటుంది. అతను అక్కడ మరమగ్గం నడుపుతాడు. పెళ్ళయిన నాలుగేళ్ళకు, సమ్మక్క సారలమ్మలకు మొక్కుకున్నాక, వాళ్ళకొక ఆడపిల్ల పుట్టింది. సారిక అని పేరు పెట్టారు. పిల్లకు మూడేళ్ళు నిండే వేళకు మేడారం జాతరలో ఆమె ఎత్తు బంగారం ఇస్తామని మొక్కు. బంగారమంటే బెల్లం. మా వైపు తల్లులకు ఇచ్చే బెల్లాన్ని బంగారమనే అంటాం, బెల్లమని నోరు జారితే చెంపలు వేసుకుంటాం.

జనవరి రెండో వారంలో రజిత ఫోను చేసింది. "మామా, గీ జాతరకు మేం రాలేం. కరోనా మల్ల లేస్తున్నదంటున్నరు, కార్ఖానల సెలవిస్తలేరు. నువ్వే బంగారం కొని తల్లులకు అప్పజెప్పు. పిల్ల ఎనిమిది కిలోల నాలుగు వందలున్నది."

కాగితం మీద రాసుకున్నాను. రాసుకుంటుండగానే లోపల ఏదో గీరినట్టయింది. దసరాకు రజిత వాట్సాప్‌లో అంగన్‌వాడీ కార్డు ఫోటో పంపింది. ఆకుపచ్చ గీతల్లో చుక్క, దాని పక్కన పన్నెండు కిలోలని అంకె. "మా సారిక గ్రీన్ల ఉన్నది మామా" అని కింద రాసింది కూడా. ఫోను తెరిచి మళ్ళీ చూశాను. పన్నెండే. దసరాకు పన్నెండున్న పిల్ల జనవరికి ఎనిమిదిన్నర ఎట్లా అవుతుంది? పిల్లలు పెరుగుతారు గానీ అరుగుతారా?

పైగా ఆ నాలుగు వందలనే చిల్లర ఒకటి. దొంగ లెక్క చెప్పేవాడు గుండు అంకె చెప్పడు, నలుగురూ నమ్మాలని చివర చిల్లర తగిలిస్తాడు. ఇది నా సర్వీసు నేర్పిన పాఠం. కాబట్టి విషయం నాకు తేటతెల్లమైంది. వీళ్ళు అమ్మవార్ల దగ్గరే మూడున్నర కిలోలు నొక్కేస్తున్నారు. ఇది రజిత బుద్ధి కాదు, తిరుపతి నేర్పి ఉంటాడు. పెళ్ళిచూపుల నాడే అతని చూపు నాకు నచ్చలేదు.

"మూడున్నర కిలోల కోసం వెయ్యి కిలోమీటర్లు పోతావా? మనమే పన్నెండు కిలోలు కొని ఇద్దాం, తల్లులు ఏమనరు" అంది సుగుణ.

"మొక్కు వాళ్ళది. తూకం కూడా వాళ్ళదే ఉండాలె" అన్నాను. రెండేళ్ళుగా పిల్లను చూడలేదనే సాకు ఎలాగూ ఉంది. సంచీలో రెండు జతల బట్టలు, సకినాల డబ్బా, రెండు డోసుల సర్టిఫికెట్టు, వాటి అడుగున అయిదు కిలోల ఇనుప రాయి పెట్టాను. అది నా సొంతం, తూకం సరిచూపించి ముద్ర వేయించి ఉంచుకున్నది. సుగుణ ఆ రాయిని చూసి సంచీ జిప్పు తనే సర్రున లాగేసింది. ఆ లాగిన తీరే పెద్ద తిట్టు.

వరంగల్ స్టేషన్‌లో సాయంత్రం ఏడున్నర దాటాక అహ్మదాబాద్ బండి ఎక్కాను. సూరత్ వెళ్ళేవాళ్ళు స్లీపర్‌లో కనీసం నెల ముందు రిజర్వేషన్ చేయించుకోవడం మంచిది. మగ్గాల పనివాళ్ళతో ఈ బండి ఎప్పుడూ నిండే ఉంటుంది. నాకు పక్క బెర్తు దొరికింది. ఎదురుగా పరకాల దగ్గరి సాంబయ్య అనే ఆయన, యాభై దాటి ఉంటాయి, గడ్డం కింద మాస్కు. నా సంచీని సీటు కిందికి తోయబోయి కాలికి దెబ్బ తగిలించుకున్నాడు.

"ఏంది సార్ గిది, లోపల రాయి ఉన్నదా?"

"ఉన్నది" అన్నాను.

"సూరత్ల రాళ్ళు దొర్కయనుకున్నరా?" అని పకపకా నవ్వాడు. తర్వాత తను తెచ్చుకున్న జొన్నరొట్టె, పచ్చిమిరపకాయ తొక్కు నా ముందు పెట్టాడు. పరాయివాళ్ళు పెట్టేది తినకూడదని నియమం పెట్టుకున్నవాణ్ణి. ఆకలి వేయడం లేదని చెప్పి, అతను అటు తిరిగాక నా పులిహోర తిన్నాను.

మర్నాడు భుసావళ్‌లో ఎనిమిదింటికి టీ తాగుతూ సాంబయ్య తన ఇరవై ఏళ్ళ సూరత్ కథ చెప్పాడు. మొదటి లాక్‌డౌన్‌లో మగ్గాలు ఆగిపోతే రెండు నెలలు గదిలో కూర్చున్నారట. ఎవరో పంచే కిచిడీ పొట్లం కోసం ఎండలో వరసకట్టారట. "పెద్దోళ్ళం ఎట్లనో బతికినం సార్. పని అయితే మల్ల దొర్కింది" అన్నాడు. ఇదంతా చెప్పి చివరకు చేబదులు అడుగుతాడేమోనని పర్సున్న జేబు మీద చెయ్యి పెట్టుకుని విన్నాను. అడగలేదు. నందుర్‌బార్‌లో రెండు జామకాయలు కొని, ఒకటి నాకిచ్చాడు.

బండి గంటసేపు ఆలస్యంగా, మధ్యాహ్నం మూడున్నరకు సూరత్ చేరింది. ప్లాట్‌ఫారం చివర సర్టిఫికెట్లు చూస్తున్నారు. వాళ్ళు నా కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, నా మొహం చూసి, మళ్ళీ కాగితం చూశారు. ఇన్నాళ్ళూ నేను ఇతరులను చూసిన చూపు నా మీద పడితే ఎట్లా ఉంటుందో అప్పుడు తెలిసింది. స్టేషన్ బయట నుంచి కడోదరా దాకా సిటీ బస్సు ఉంటుంది, అక్కడి నుంచి జోల్వాకు షేర్ ఆటోలు. ఆటోలో ముగ్గురు ఎక్కాల్సిన చోట ఆరుగురం ఎక్కాం. దారి పొడవునా రేకుల షెడ్లు, వాటిలో నుంచి మగ్గాల మోత. మొదట్లో అది చెవులు కొరికేస్తుంది. పావుగంట తర్వాత ఆ మోత ఆగితేనే ఉలిక్కిపడతాం.

ఆటో ఎక్కకముందే కడోదరా చౌరస్తా దగ్గర లాడ్జిలో గది తీసుకుని, సంచీ అక్కడ పడేశాను. సకినాల డబ్బా పట్టుకుని అయిదున్నరకు రజిత ఇంటికి చేరాను. షెడ్డు వెనక గోడకు ఆనుకుని వరసగా గదులు. వాటిని లైను అంటారు. ఒక్కో గదిలో ఒక్కో సంసారం. వాకిళ్ళలో పిల్లలు కూర్చుని ఉన్నారు. ఆడుకోవడం లేదు, ఊరికే కూర్చుని ఉన్నారు. బడులు లేని రోజులు, సెలవులతో విసుగెత్తారనుకున్నాను.

రజిత నన్ను చూసి ఏడ్చినంత పని చేసింది. తిరుపతి లుంగీ సర్దుకుంటూ వచ్చి "రండ్రి మామా, జర ముందుగాల చెప్తే స్టేషన్‌కు వద్దునుగద" అన్నాడు. చెప్తే సర్దుకుంటారని చెప్పలేదు మరి.

సారిక గోడకు ఆనుకుని కూర్చుంది. ఒంటి మీద రెండు స్వెట్టర్లు, తలకు టోపీ. మూడేళ్ళ పిల్ల కొత్త మనిషి వస్తే ఏడవాలి, లేదా తల్లి వెనక దాక్కోవాలి, లేదా చేతిలో డబ్బా లాగాలి. ఈ పిల్ల ఏదీ చేయలేదు. పెద్ద కళ్ళతో చూసింది, అంతే. చేతికి సకినం ఇస్తే పట్టుకుంది. పది నిమిషాల తర్వాత చూసినా పట్టుకునే ఉంది.

"మా సారిక మస్తు బుద్ధిమంతురాలు మామా. అల్లరే చెయ్యది" అంది రజిత.

నా బుర్ర నా దారిలోనే పోయింది. సూరత్‌లో జనవరి అంత చలేమీ కాదు. రెండు స్వెట్టర్లు ఎందుకు వేశారు? పిల్ల బొద్దుగా ఉన్నది కనబడకుండా దాచడానికా? ఈ మాట ఇప్పుడు రాయడానికి సిగ్గేస్తోంది. ఆ రోజు మాత్రం పెద్ద సంగతి కనిపెట్టినట్టు లోపల మురిసిపోయాను.

టమాట పప్పు, అన్నం పెట్టారు. పిల్లకు మాత్రం చాయ్‌లో ముంచిన బిస్కెట్లు.

"అన్నం పెట్టవా?"

"తినది మామా. గివైతేనే మింగుతది."

చెయ్యి కడుక్కోవడానికి లేచినప్పుడు మంచం కింద పిండి ప్యాకెట్లు కనిపించాయి. ఏడెనిమిది ఉన్నాయి, గుజరాతీ అక్షరాలు. ఏమిటివి అంటే, అంగన్‌వాడీ బెన్ ఇస్తుందంది. అక్కడ ఆడవాళ్ళను పేరు చివర బెన్ అని పిలుస్తారు, అంగన్‌వాడీ టీచరు అందరికీ ఉట్టి బెనే. "ఒకసారి పెడితే కడుపు గడబిడైంది. గా రాతలు నాకు చదవరావు, ఎట్ల వండాల్నో ఏమో. ఇగ పెట్టలే. పాలాయన బర్రెకు ఏస్తనని అడుగుతడు."

సర్కారు పిండి బర్రెకు పోతోంది, అమ్మవారి బంగారం కిరాణా కొట్టులో మిగిలిపోతోంది. రెండు మోసాలు దొరికాయి. లాడ్జికి వెళ్ళి హాయిగా నిద్రపోయాను.

మర్నాడు పొద్దున ఏడున్నరకు రాయి పట్టుకుని మళ్ళీ వెళ్ళాను. పిల్లను ఏ కాంటా మీద తూచారో చూపించమన్నాను. రజిత కొంచెం నొచ్చుకుంది. "తల్లులకు సరిపోయే తూకమేనా అని చూస్త, అంతే" అన్నాను. తిరుపతి రాత్రి పాళీ చేసి వచ్చి నిద్రపోతున్నాడు. అతను లేవకముందే పని కానిద్దామని నా ఆలోచన.

లైను చివర మార్వాడీ కిరాణా కొట్టు. ఎలక్ట్రానిక్ కాంటా. దాని యజమాని ముసలాయన అగరుబత్తి వెలిగిస్తున్నాడు. నేను సంచీలో నుంచి రాయి తీసి కాంటా మీద పెట్టాను. ఆయన అగరుబత్తి పట్టుకునే నిలబడిపోయాడు. "ఇన్‌స్పెక్టర్ హై క్యా?" అన్నాడు. రిటైరైన సంగతి చెప్పలేదు.

కాంటా తక్కువ చూపిస్తుందని నా లెక్క. రాయి పెడితే మూడూ మూడున్నర కిలోలు చూపించాలి, అప్పుడు పిల్ల పన్నెండు అవుతుంది, లెక్క తేలిపోతుంది.

అయిదు కిలోలు చూపించింది. తీసి మళ్ళీ పెట్టాను. అయిదే. మూల మీద పెట్టాను, నడిమధ్య పెట్టాను. అయిదుకు గ్రాము అటూ ఇటూ లేదు. నా ఉద్యోగంలో అంత నిక్కచ్చి కాంటాను తక్కువ చూశాను.

"పిల్లను పెట్టు" అన్నాను.

రజిత కొట్టు గడప మీద కూర్చుని పిల్ల టోపీ తీసింది. ఒక స్వెట్టరు తీసింది, రెండోది తీసింది, గౌను తీసింది. కాళ్ళ పట్టీలు విప్పి తన కొంగున కట్టుకుంది. "గప్పుడు గూడ గిట్లనే తానం పోసి, అన్నీ తీసి పెట్టిన మామా. తల్లికి తప్పు తూకం ఇయ్యొద్దు గద" అంది. తర్వాత పిల్లను ఎత్తి కాంటా మీద కూర్చోబెట్టింది.

నేను అంకె చూడడం మరిచిపోయాను. ఆ పిల్ల పక్కటెముకలు ఒక్కొక్కటీ లెక్కపెట్టవచ్చు. భుజాలు సన్నగా పొడుచుకొచ్చి, పిరుదుల దగ్గర తోలు ముడతలు పడి వేలాడుతోంది. పొట్ట మాత్రం ఉబ్బెత్తుగా ఉంది. జుట్టు పలచబడి రాగి రంగులోకి మారింది. చలికి వణకాల్సిన పిల్ల వణకను కూడా లేదు.

"ఆఠ్ తీన్‌సౌ" అని చదివాడు ముసలాయన. ఎనిమిది కిలోల మూడు వందలు. రజిత చెప్పిన నాటికీ ఇవాళ్టికీ ఇంకో వంద గ్రాములు పోయింది.

గదికి వచ్చాక అంగన్‌వాడీ కార్డు అడిగాను. ఇవ్వడానికి తటపటాయించింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, నేనేమీ అనకముందే "గది బెన్ రాసింది మామా" అంది. కార్డులో నెలనెలా చుక్కలు. పన్నెండు, పన్నెండు, పన్నెండు, డిసెంబరులో పన్నెండుంపావు. అన్నీ ఆకుపచ్చలో. అంత గుండు అంకెలు వరసగా చూసి కూడా దసరా నాడు నాకు అనుమానం రాలేదంటే, నా ముప్పై మూడేళ్ళ సర్వీసును ఏం చేసుకోవాలి?

"బెన్ తూచి రాసిందా?"

"కరోనాల కేంద్రం బందయింది. ఎవ్వలు రాకపోయేది. ఫోన్ చేసి అడిగేది, రాసుకునేది."

"ఎవరిని అడిగేది?"

రజిత కార్డు అంచు గోటితో గీకుతూ కూర్చుంది. "నన్నే. నేనే చెప్పిన" అంది చివరికి.

తర్వాత ఆగకుండా చెప్పింది. లాక్‌డౌన్ నాటికి పిల్లకు ఏడాది నిండింది. తల్లికి పాలు తగ్గాయి, బయట పాలు దొరకలేదు. పంచిన కిచిడీ కారంగా ఉంటే కడిగి పెట్టింది. విరేచనాలు పట్టుకున్నాయి. తగ్గాయి, మళ్ళీ వచ్చాయి. పిల్ల అప్పటి నుంచి అట్లాగే ఉంది. లైన్లో పిల్లలందరూ కాస్త అట్లాగే ఉన్నారు కాబట్టి ఇది రోగమని ఎవరికీ తోచలేదు. "ఎర్ర గీతల పడితే పెద్ద దవాఖానల పద్నాలుగు దినాలు పెడతరట మామా, తల్లీబిడ్డను. కరోనా దవాఖానల! గీ లైన్ల నుంచి ఇద్దర్ని తీస్కపోయిండ్రు. మల్ల రాలే. నా బిడ్డను నేనెట్ల తీస్కపోదు? గందుకే పన్నెండు చెప్పిన. ఆయనకు గూడ తెల్వది."

"మరి మొక్కుకు ఎనిమిదిన్నర ఎందుకు చెప్పినవే?"

ఆమె నన్ను విచిత్రంగా చూసింది. "తల్లికి అబద్ధం చెప్తనా మామా?"

నేను హన్మకొండ నుంచి ఏ దొంగతనం పట్టుకోవడానికి బయల్దేరానో ఆ దొంగతనం లేనే లేదు. అమ్మవారికి నిజం చెప్పింది, సర్కారుకు అబద్ధం చెప్పింది. నేను సర్కారు కాగితాన్ని నమ్మి, అమ్మవారికి చెప్పిన మాటను అనుమానించాను. నా మీద నాకే అసహ్యం వేసింది. కోపం కూడా వచ్చింది గానీ, దాన్ని ఎవరి మీద చూపించాలో తెలియక తిరుపతిని నిద్ర లేపాను.

అతను అంతా విన్నాడు. భార్య మీద అరుస్తాడనుకున్నాను. అరవలేదు. పిల్ల చెయ్యి తన వేళ్ళతో పట్టి చూశాడు. బొటనవేలూ చూపుడువేలూ కలిస్తే ఆ దండచెయ్యి లోపల పట్టి ఇంకా సందు మిగిలింది. "రోజూ చూస్తున్న గద మామా, నా కండ్లకెందుకు కనబడలే?" అన్నాడు. నేను అతని గురించి అనుకున్నవన్నీ ఇక్కడ రాయను, రాస్తే నేనే చిన్నవాణ్ణవుతాను.

తొమ్మిదిన్నరకు ముగ్గురం పిల్లను ఎత్తుకుని బయల్దేరాం. కడోదరా నుంచి బస్సు, మళ్ళీ ఆటో. సర్కారు పెద్దాసుపత్రి గేటు దగ్గర పరీక్షల డేరా వేసి ఉంది. తెల్ల సూట్లు తొడుక్కున్న ఇద్దరు స్ట్రెచరు తోసుకుపోతున్నారు. అది చూసి రజిత ఆగిపోయింది. "నేను రాను" అంది. తిరుపతి బతిమాలాడు. ఆమె వెనక్కి తిరిగి రోడ్డు దాకా వచ్చేసింది. పిల్ల ఆమె భుజం మీద తల వాల్చి ఉంది, ఇంత గొడవకు తల కూడా ఎత్తలేదు.

నాకు ఉపన్యాసాలు రావు. దుకాణదార్లను దబాయించడమే వచ్చు. దబాయిస్తే ఈ పిల్ల బస్సెక్కి వెళ్ళిపోతుంది. "రజితా, ఒక్క మాట విను. నేను ఉండుమన్ననని ఉండకు, సర్కారు చెప్పిందని ఉండకు. తల్లికి ఏ తూకం చెప్పినవో, లోపల గదే తూకం చెప్పు. విని ఏమంటరో చూద్దాం. ఇంటికి పొమ్మంటే పోదాం" అన్నాను.

పిల్ల టోపీ చెవుల మీదికి లాగింది. తర్వాత తనే గేటు దాటింది.

పిల్లల వార్డు కరోనా వార్డుకు దూరంగా వేరే భవనంలో ఉంది. అది చూస్తేనే సగం భయం పోయింది. అక్కడ డ్యూటీలో ఉన్న డాక్టరమ్మది ఒంగోలు వైపు. మా మాటలు విని తెలుగులోనే పలకరించింది. పిల్ల దండచేతికి కాగితపు టేపు చుట్టింది. టేపుకున్న చిన్న సందులో ఎరుపు కనిపించింది, ప్రమాదపు రంగు. పొడవు కొలిచింది, తూచింది. ఏదో చిక్కటి పేస్టు చిన్న గిన్నెలో ఇచ్చి, ఎంత తింటుందో చూడాలి, బలవంతం చేయొద్దు అంది. పిల్ల మూడుసార్లు నాకి ఊరుకుంది.

నేను అలవాటు ప్రకారం ఆ అమ్మాయిని కూడా అనుమానించాను. ఏం ఇంజెక్షన్, ఏం పేస్టు, ఎక్కడ తయారైంది అని ఆరా తీశాను. ఓపికగా అన్నీ చెప్పింది. చివరికి నేనే అడిగాను, కోలుకుంటుందా అని.

"బరువు తిరిగొస్తుందండీ అంకుల్. కానీ ఈ రెండేళ్ళలో పెరగాల్సిన ఎత్తు, మెదడుకు రావాల్సిన ఎదుగుదల మొత్తం వెనక్కి తేలేం. అందుకే ఇంక ఒక్కరోజు కూడా పోగొట్టుకోకూడదు. ఒక పాపైతే ఇది మీ ఇంటి కష్టం. ఊళ్ళో పిల్లలంతా ఇలాగే పెరిగితే, ఇరవై ఏళ్ళ తర్వాత ఆ ఊళ్ళో బడి ఉన్నా చదివేదెవరు, పని ఉన్నా చేసేదెవరు చెప్పండి?" అంది.

బంగారం దుకాణాల్లో మిల్లీగ్రాముల తేడాకు కేసులు రాసినవాణ్ణి. ఎరువుల బస్తాలు, గ్యాస్ సిలిండర్లు, ఉల్లిగడ్డల బండ్లు తూచాను. నా సర్వీసులో ఒక్క పిల్లల కాంటా ముట్టుకోలేదు. ముట్టుకోమని ఎవరూ చెప్పలేదు, నాకూ తోచలేదు.

రజిత వార్డులో ఉండిపోయింది. తిరుపతి రోజూ పాళీ దిగగానే ఆసుపత్రికి వచ్చి, మెట్ల మీదే కూర్చుని ఓ కునుకు తీసి, మళ్ళీ పాళీకి పోయేవాడు. నేను లాడ్జిలో తొమ్మిది రోజులు ఉన్నాను. భోజనానికి ఇబ్బంది లేదు. లింబాయత్ వైపు వెళితే తెలుగువాళ్ళ మెస్‌లు ఉన్నాయి, పచ్చిపులుసు కూడా పెడతారు. పొద్దున పూట సూరత్‌వాళ్ళు తినే లోచో అనే శనగపిండి టిఫిను ఒకసారి తిన్నాను, వేడిగా ఉన్నంతసేపు బాగుంటుంది. మరీ వణికించే చలి లేదు, తపతి ఒడ్డున సాయంత్రాలు హాయిగా ఉంటాయి. ఇవన్నీ మీకు ఉపయోగపడతాయని రాస్తున్నాను గానీ, నేను నిజానికి చూసింది వార్డు గోడకున్న పట్టిక ఒక్కటే. మూడో రోజు వంద గ్రాములు తగ్గింది. నా ప్రాణం పోయినంత పనైంది. అయిదో రోజు నుంచి పెరిగింది. ఏడో రోజు నేను వెళ్ళేసరికి, వార్డు ఆయా గిన్నె తీసుకుపోతుంటే సారిక గట్టిగా ఏడ్చింది. ఆ పిల్ల గొంతు నేను వినడం అదే మొదలు. వార్డంతా తల తిప్పి చూసింది. రజిత నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు.

తొమ్మిదో రోజు తూకం ఎనిమిది కిలోల తొమ్మిది వందలు. ఇంకో వారం ఉండాలన్నారు. జాతర దగ్గర పడుతోంది కాబట్టి నేను బయల్దేరాను. తిరుగు బండి సూరత్‌లో వేళ కాని వేళ ఎక్కిస్తుంది, పెద్దవాళ్ళు తోడు లేకుండా ప్రయాణం పెట్టుకోవద్దు. భుసావళ్‌లో తెల్లవారింది. ఇడ్లీ పేరుతో ఏదో అమ్మారు. తింటూ ఈ ప్రయాణంలో తేలిందేమిటా అని ఆలోచించాను. దేశం ముందుకుపోతోందని పేపర్లో గీతలు పైకి లేస్తుంటే చూసి సంతోషించేవాణ్ణి. ఆ గీతల్లోనూ ఎన్ని చుక్కలు ఫోన్లో అడిగి పెట్టారోనన్న సందేహం నన్నిక వదలదు. తప్పుడు కాంటా అమ్మేవాణ్ణో కొనేవాణ్ణో మోసం చేస్తుంది. ఈ తప్పుడు అంకె మాత్రం ఇరవై ఏళ్ళ తర్వాత వచ్చేవాళ్ళను మోసం చేస్తుంది.

అకోలా దాటాక, తొమ్మిదిన్నరకు రజిత ఫోను చేసింది.

"బెన్ ఫోన్ చేసింది మామా. నెలాఖరు బరువులు రాసుకుంటదట."

"నువ్వేం చెప్పినవ్?" అన్నాను.

"తొమ్మిదికి వంద గ్రాములు తక్వ, దవాఖానల ఉన్నం అని చెప్పిన. నమ్మలే. పోయిన నెల పన్నెండుంపావు రాసిన గదా అన్నది. గది నేను ఉత్తగ చెప్పిన బెన్, కొట్టేయుండ్రి అన్న."

మంచి పని చేశావన్నాను. అయినా ఆమె ఫోను పెట్టేయలేదు. వెనక నుంచి సారిక ఏదో గొణుగుతుంటే వినిపిస్తోంది.

"ఏందే?"

"నేనొక్కదాన్నే కాదు మామా. మా లైన్ల పద్నాలుగు మంది పిల్లలున్నరు. బెన్ ఫోన్ రాంగనే అందరం బయటికొచ్చేటోళ్ళం. నువ్వెంత చెప్తవ్, నువ్వెంత చెప్తవ్ అని ఒకల్నొకలం అడుక్కొని, గంతే చెప్పేటోళ్ళం. గది గూడ బెన్‌కు చెప్పేసిన. కాంటా పట్కొని రేపొస్తనన్నది. అందరు నన్ను తిడతరేమో మామా."

"తిట్టనియ్" అన్నాను. "ఆ కాంటా ఎన్నాళ్ళ నుంచి మూలకున్నదో అడిగినవా?"

"కేంద్రం బందైనకాడి నుంచి బీరువల్నే ఉన్నదట. రెండేండ్లాయె."

రెండేళ్ళు మూలన పడి ఉన్న కాంటా సరిగ్గా తూస్తుందని నేను చచ్చినా నమ్మను. అది కిలో ఎక్కువ చూపిస్తే చాలు, పద్నాలుగు మందీ మళ్ళీ ఆకుపచ్చలోకి పోతారు. సుగుణకు ఫోను చేసి, జాతరకు బంగారం నువ్వే తీసుకెళ్ళు, ఎనిమిది కిలోల నాలుగు వందలే కొను, నాకిక్కడ ఎన్నాళ్ళు పడుతుందో తెలియదని చెప్పాను. బడ్నేరాలో బండి ఆగింది. అయిదు కిలోల రాయి ఉన్న సంచీ తీసుకుని దిగి, సూరత్ వైపు వెళ్ళే బండి ఎన్ని గంటలకో కనుక్కోవడానికి టికెట్ల కౌంటరు వైపు నడిచాను.